తవుటికి కొన్న బిడ్డ

నెల్లూరునుండి ఆత్మకూరునకు పోవు బాటలో, పెన్నానది యొడ్డున, సంగము అను గ్రామము కలదు. ఉదయగిరి మెట్టసీమనుండి వచ్చు బొగ్గేరు, బీరాపేరు అను నేరులు ఇచ్చట పెన్నతో కలియును. కర్ణాటక దేశమునందలి నందికొండలలో పుట్టి, రాయలసీమను దాటి వచ్చిన పెన్న ఈ తావున ఆనకట్టకు తల యొగ్గి, కాలువలగుండ పొలములలోనికి పోవును. పాత ఆనకట్ట పందొమ్మిదవ శతాబ్దమునాటిది. క్రొత్తగా కట్టిన బ్యారేజి 2022వ సంవత్సరము సెప్టెంబరు మాసమున ప్రారంభింపబడినది. సంగమునకు తూర్పున మాగాణి, పడమట మెట్ట. తూర్పువారు వరి పండింతురు. పడమటివారు వానకై ఆకాశమువంక చూతురు.

ఈ నదిని జనులు పినాకిని యనియు, తల్లి యనియు పిలిచి మ్రొక్కుదురు. సంతానము కోరువారు దిగువనున్న జొన్నవాడకు పోయి కామాక్షమ్మ సన్నిధిని వేడుకొందురు. నీరిచ్చునది తల్లి; వరమిచ్చునది తల్లి. కాని ఆ తల్లిని కోరు వరము మాత్రము తరచుగా ఒక్కటే: "మగబిడ్డను ప్రసాదించుము." ఈ వింతను గుర్తించువారు తక్కువ.

సుమారు 60 ఏండ్ల క్రిందట సంగము దాపున నొక పల్లెలో ఒక మంత్రసాని యుండెడిది. ఆసుపత్రులు దూరము, బాటలు చెడ్డవి, చుట్టుపట్ల పల్లెలలో పుట్టిన బిడ్డలలో సగముమంది ఆమె చేతులమీదుగ ఈ లోకమును చూచినవారే. ఆమెకు చదువు లేదు, ఆస్తి లేదు. చేయి మాత్రము మంచిదని పేరు.

ఆమె పేరు వెనుక ఒక కథ కలదు. పుట్టిన బిడ్డలు వరుసగా చనిపోయిన యింట మరల బిడ్డ కలిగినపుడు తెలుగునాట ఒక ఆచారము నడచుచుండెడిది. ఆ పసికందును చేటలో నుంచి పెంటకుప్పపై పరుండబెట్టుదురు. లేనిచో ఎంగిలి విస్తరాకులపై పొర్లింతురు. వేరొక స్త్రీ ఆ బిడ్డ తనకు దొరికినట్లు ఎత్తుకొని వచ్చును. అప్పుడు కన్నతల్లి కాసింత తవుడిచ్చి తన బిడ్డను తానే కొనుక్కొనును. తవుటికి వచ్చిన బిడ్డ విలువలేనిది. విలువలేని దానిని మృత్యువు సైతము కన్నెత్తి చూడదని వారి నమ్మకము. ఇట్లు దక్కిన బిడ్డలకు పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య, పుల్లమ్మ, తవుటయ్య, తవుటమ్మ అని పేర్లు పెట్టెడివారు. వినుటకు ఆ పేర్లు ఎబ్బెట్టుగా నుండును; వాని వెనుకనున్నది మాత్రము ప్రేమ. మంత్రసానికి పెట్టిన పేరు అట్టి పేర్లలో నొకటి. ఆమెకు ముందు ముగ్గురు బిడ్డలు పోయిరి. నాలుగవ బిడ్డ ఆడుదైనను దక్కిన చాలునని ఆమె తల్లి పెంటకుప్పకు మ్రొక్కినది.

కాన్పుల కూలి ఆ దినములలో ధాన్యరూపమున నుండెడిది. మగబిడ్డ పుట్టినచో మంత్రసానికి కుంచెడు వడ్లు, ఒక చీర. ఆడబిడ్డ పుట్టినచో సోలెడు గింజలు, ఒక నిట్టూర్పు. తల్లి పడిన నొప్పి ఒక్కటే, మంత్రసాని పడిన శ్రమ ఒక్కటే. "ఆడపిల్ల యనగా ఆడ పిల్ల; ఈడ పిల్ల కాదు" అని పల్లెజనులు మాటతో చమత్కరించుట కలదు. అచ్చటి యింటికి పోవలసినదేగాని ఇచ్చట నిలుచునది కాదని దాని భావము. నవ్వుచు పలికిన ఆ మాటయే పుట్టిన నాటినుండి బిడ్డను పొరుగింటి దానినిగా జేసి కూర్చుండబెట్టును. మంత్రసాని ఆ మాట వేయిసార్లు విన్నది, బదులు చెప్పలేదు. ఒకనాటి రాత్రి మాత్రము బదులు చెప్పవలసి వచ్చినది.

అది మార్గశిర మాసము. చలి యెక్కువగా నుండెను. ఒక రైతు ఇంట ముగ్గురు ఆడపిల్లల తరువాత నాలుగవ కాన్పు. తెల్లవారుజామున బిడ్డ పుట్టెను. ఆడబిడ్డ. ఇంటి పెద్దామె దీపము తెచ్చి చూచి, దీపమును క్రింద నుంచి, గోడ కానుకొని కూర్చుండెను. కొంతసేపటికి మంత్రసానిని పెరటిలోనికి పిలిచెను.

"చీకటి ఉండగానే కాలువగట్టు మీద వదిలి రా. ఎవరికి ప్రాప్తముంటే వారు ఎత్తుకుంటారు. నీకు కుంచెడు వడ్లూ, చీరా ఇస్తాను. మగబిడ్డ పుట్టినట్టే అనుకో."

"ఈ చలిలో ఎత్తుకొనేవాళ్లు వచ్చేదాకా బతుకుతుందా, అమ్మా?"

పెద్దామె మాటాడలేదు.

ఆమెను దుర్మార్గురాలనుట తేలిక. కాని ఆమె కథయు వినదగినది. ఆమె నలుగురు కుమార్తెలను కన్నది. ఒక్కొక్క పెండ్లికి ఒక్కొక్క చెక్క పొలము అమ్ముడుపోయినది. చివరకు మిగిలిన మెట్టచేను ఒక్కటి. ఇపుడు కుమారునికి నలుగురు కుమార్తెలు. లెక్క ఆమెకు తెలిసినదే. ఆమె తన మనుమరాలిని చూచినపుడు బిడ్డను చూడలేదు. అమ్ముడుపోవు చేనును చూచినది. ఆచారము మనిషి కన్నులకు కట్టు గంత యిట్టిది.

మంత్రసాని చేట నడిగి తీసికొనెను. పాతగుడ్డలు పరచి, బిడ్డను పొదివి అందు పరుండబెట్టెను. పెరటిదారిని బయటికి పోయెను. కాని కాలువవైపు పోలేదు. ఇంటి వెనుకనున్న పెంటకుప్ప కడకు పోయి, చేటను దానిపై నుంచి, అచ్చటనే నిలువబడెను. పిమ్మట చేట నెత్తుకొని, ఇల్లు చుట్టి వచ్చి, వీధివాకిట నిలిచి ఇరుగుపొరుగువారికి వినబడునట్లు కేక వేసెను.

"అమ్మా! పెంటకుప్ప మీద నాకో బిడ్డ దొరికింది. తవుడిచ్చి కొనుక్కునే తల్లి ఉందా ఈ ఇంట్లో?"

ఇంటిలో ఎవరును కదలలేదు. పొరుగు తలుపు ఒకటి తెరచుకొనెను. మంత్రసాని మరల పిలిచెను. అప్పుడు పురిటి గదిలోనుండి బాలింత వచ్చెను. పురుడు వెళ్లనిది గడప దాటరాదని ఇంటి కట్టడి. ఆమె గోడ పట్టుకొని గడప దాటి, గేదెకొరకు ఉంచిన తవుటిబుట్టలోనుండి దోసెడు తవుడు తీసి తెచ్చి, మంత్రసాని కొంగులో పోసెను. చేయి వణకుటచే సగము నేలపాలయ్యెను.

"నా బిడ్డను నాకియ్యి" అనెను. ఆ రాత్రి ఆమె పలికిన మాట అది యొక్కటే.

పెద్దామె ఏమియు అనలేదు. ప్రొద్దెక్కిన పిమ్మట తానే ఆముదము తెచ్చి బిడ్డ మాడున అద్దెను. మంత్రసానికి ఆ కాన్పునకు దక్కిన కూలి ఆ తవుడే.

ఒక ఇంట బిడ్డను దక్కించుకొనుటకై పారవేసినట్లు నటింతురు. మరియొక ఇంట పారవేయుటకే పారవేయుదురు. చేట ఒక్కటే, కుప్ప ఒక్కటే. నడుమనున్న భేదము బిడ్డలో లేదు, చూచువారిలో నున్నది.

విడువబడిన ఆడబిడ్డ తెలుగువారి కథలకు క్రొత్త కాదు. నాగటిచాలులో దొరికిన పసికందును జనకమహారాజు ఎత్తుకొని సీతయని పెంచెను. మేనక విడిచిపోయిన శిశువును అడవిపక్షులు కాపాడగా కణ్వమహర్షి తెచ్చి పెంచెను. శకుంతములు కాచినది గావున ఆమె శకుంతల. శ్రీవిల్లిపుత్తూరున తులసివనములో విష్ణుచిత్తునకు దొరికిన బిడ్డ గోదాదేవి. 1514లో ఉదయగిరి దుర్గమును గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదలో ఆ గోదాదేవి కథనే చెప్పెను. కథలలో దొరికిన బిడ్డకు పూజ. వాకిట పుట్టిన బిడ్డకు నిట్టూర్పు.

ఈ దురాచారము ఒక్క సీమకు గాని, ఒక్క కులమునకు గాని చెందినది కాదు. 1789లో కాశీలో ఇంగ్లీషు కుంఫిణీ ప్రతినిధిగా నుండిన జోనాథన్ డంకన్, ఆ చుట్టుపట్లగల రాజకుమార వంశీయులలో ఆడశిశువులను చంపుట కలదని తెలిసికొని, ఆ పని మానుదుమని వారిచే ప్రతిజ్ఞాపత్రములు వ్రాయించుకొనెను. 1795లో బంగాళ ప్రభుత్వము శిశుహత్యను నరహత్యగా నెంచి శాసించినది. 1870లో ఆడశిశు హత్యను నివారించుటకు ప్రత్యేక చట్టము వచ్చినది. చట్టములు చేతులను కొంత ఆపినవి. మనస్సులను అంతగా మార్చలేదు.

ఈ మనస్సునకు కారణములు మూడు చెప్పుదురు. మొదటిది వరకట్నము. ఇది అనాదినుండి వచ్చినదని పలువురు తలంతురు. కాని 1892లో తొలిసారి ప్రదర్శింపబడిన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము అను నాటకము పేరే దానికి సమాధానము. ఆనాడు కొన్ని వర్ణములలో వరుడే కన్యతండ్రికి సొమ్ము చెల్లించెడివాడు. పిమ్మట త్రాసు తిరుగబడినది. తిరుగబడిన త్రాసును సరిచేయుటయు మనుష్యుల చేతిలోనిదే. ఆంధ్రప్రదేశమున 1958లోను, దేశమంతటికిని 1961లోను కట్నమును నిషేధించు చట్టములు వచ్చినవి. అయినను ఇచ్చువారు ఇచ్చుచునే యున్నారు, పుచ్చుకొనువారు పుచ్చుకొనుచునే యున్నారు.

రెండవది తలకొరివి. కొడుకు కొరివి పెట్టినగాని సద్గతి లేదని పెద్దలు వెరతురు. కాని కొడుకులు లేని తల్లిదండ్రులకు కుమార్తెలే తలకొరివి పెట్టుట ఇటీవల తెలుగునాట తరచుగా కానవచ్చుచున్నది. ఆ మంటకు ఆడ, మగ భేదము తెలియదు.

మూడవది ఆస్తి. భూమి కొడుకుది, వంశము కొడుకుది. కావున ముసలితనమున అన్నము పెట్టువాడును కొడుకే యని నమ్మిక. ఈ విషయమున ఆంధ్రప్రదేశము దేశమునకు దారి చూపినది. నందమూరి తారక రామారావుగారు ముఖ్యమంత్రిగా నున్న కాలమున 1986లో వచ్చిన చట్టము, పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో హిందూ కుటుంబపు కుమార్తెకు పుట్టుకతోనే కుమారునితో సమానమైన హక్కు కల్పించినది. అది 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి అమలులోనికి వచ్చినట్లు శాసించినది. ఆనాటికి పెండ్లియైన కుమార్తెలకు మాత్రము అది వర్తింపలేదు. 2005లో దేశమంతటను అట్టి హక్కు కలిగినది. చట్టము వచ్చునాటికి తండ్రి జీవించియుండక పోయినను కుమార్తె హక్కు పోదని 2020 ఆగస్టులో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. "ఆడ పిల్ల" ఇట్లు చట్టము కన్నులలో "ఈడ పిల్ల" యైనది.

ఇంకొక యన్యాయము కలదు. ఆడబిడ్డ పుట్టినచో నింద తల్లిమీద పడును. కోడలు కొడుకును కంటానంటే వద్దనే అత్త ఉంటుందా యని సామెత. కొడుకును కనుట కోడలి చేతిలోని పనియైనట్లే లోకము మాటాడును. శాస్త్రము చెప్పునది వేరు. తల్లినుండి బిడ్డకు వచ్చునది ఎక్స్ అను క్రోమోజోము మాత్రమే. తండ్రినుండి ఎక్స్ వచ్చినచో ఆడబిడ్డ. వై వచ్చినచో మగబిడ్డ. ఈ సత్యమును 1905లో వెలుగులోనికి తెచ్చినవారిలో నెట్టీ స్టీవెన్స్ అను అమెరికా దేశపు శాస్త్రజ్ఞురాలు ముఖ్యురాలు. అట్లని నింద తండ్రిపైకి మరలవలసిన పనిలేదు. ఏది వచ్చునో అతని యిచ్ఛలోను లేదు. నింద వేయదగిన తప్పును అందు లేదు.

శాస్త్రము వెలుగు నిచ్చినట్లే చీకటిపనికిని సాధనమైనది. గర్భములోని శిశువును చూపు యంత్రములు వచ్చిన పిమ్మట, చలిలో కాలువగట్టునకు పోవు పని తప్పినది. పుట్టకమునుపే బిడ్డను తొలగించుట సాధ్యమైనది. ప్రకృతిసిద్ధముగ వేయిమంది మగశిశువులకు సుమారు 950 మంది ఆడశిశువులు పుట్టుదురు. భారతదేశమున ఆరేండ్లలోపు పిల్లలలో వేయిమంది బాలురకు 1961లో 976 మంది బాలికలుండిరి. 1991లో 945, 2001లో 927, 2011 నాటికి ఆ సంఖ్య 920కి లోపునకు దిగెను. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2001లో 961గా నున్నది 2011 నాటికి 940 ప్రాంతమునకు వచ్చెను. ఇవి వట్టి అంకెలు కావు. తగ్గిన ప్రతి సంఖ్య వెనుక కూర్చుండవలసిన ఒక బల్ల, పిలువవలసిన ఒక పేరు ఖాళీగా నున్నవి. ఆసియా మొదలగు ప్రాంతములలో ఇట్లు లేకుండ పోయిన స్త్రీల సంఖ్య పదికోట్లకు మించునని ఆర్థిక శాస్త్రవేత్త అమర్త్య సేన్ 1990లో వ్రాసినపుడు లోకము ఉలికిపడినది. గర్భస్థ శిశువు ఆడయో, మగయో చెప్పుటను నిషేధించు చట్టము 1994లో పుట్టి, 1996నుండి అమలులోనికి వచ్చినది. 2003లో మరింత కట్టుదిట్టము చేయబడినది.

పేదరికము కత్తికి సానవంటిది. నల్లగొండ జిల్లాలోని కొన్ని తండాలలో బీదతల్లులు ఆడశిశువులను స్వల్పధనమునకు పరులపాలు చేసిన వృత్తాంతములు 1999 మొదలు 2001 వరకు దేశమంతటను వినబడినవి. నాడు పారవేసినట్లు నటించి తవుటికి కొనెడివారు. నేడు నిజముగనే కొని, దూరదేశములకు పంపిరి. దీనిని అరికట్టుటకు 2001లో ప్రభుత్వము బీదతనము కారణముగ బిడ్డలను వదలుకొనుటను నిషేధించినది. తమిళనాడులో అంతకుముందే, 1992లో, సేలము జిల్లాయందు ఊయలల పథకము ప్రారంభమైనది. పెంచలేని తల్లి బిడ్డను ఏ గట్టుననో విడువక ఊయలలో ఉంచి పోవచ్చును, ప్రభుత్వము పెంచును.

ఇప్పటి చట్టము తల్లికి మరియొక దారి చూపినది. తమ చేతిలో లేని కారణములచే బిడ్డను పెంచలేని తల్లిదండ్రులు జిల్లాలోని బాలల సంక్షేమ సమితి యెదుట బిడ్డను అప్పగింపవచ్చును. మనస్సు మార్చుకొనుటకు వారికి రెండు మాసముల గడువు కలదు. 1098 అను సంఖ్యకు ఫోను చేసినచో ఆపదలోనున్న బిడ్డకు సాయము వచ్చును. కాని బిడ్డను దిక్కులేనిదానినిగా పారవేయుట నేరము. దానికి ఏడేండ్లవరకు కారాగార శిక్ష కలదు. సంతోషింపదగిన విషయ మొకటి యున్నది. ఈ దేశమున చట్టప్రకారము దత్తత పోవు బిడ్డలలో బాలురకంటె బాలికలే ఎక్కువ. విడువబడువారిలో వారే యెక్కువ యనుట దానికొక కారణము కావచ్చును. అయినను ఆడబిడ్డయే కావలెనని కోరి తెచ్చుకొను దంపతులును నేడు కలరు.

ఆడబిడ్డ వలన ఇంటికేమి లాభమని యడుగువారికి పెన్నయొడ్డుననే సమాధానము దొరకును. మినగల్లు గ్రామమున 1892లో పుట్టిన పొణకా కనకమ్మగారు బడికి పోయి చదువుకొన్నవారు కారు. అయినను స్వయముగ విద్య నార్జించి, 1923లో నెల్లూరున బాలికలకొరకు శ్రీకస్తూరిదేవి విద్యాలయమును స్థాపించిరి. 1929లో గాంధీమహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. పడమటి మెట్టలోని దూబగుంటలో 1992లో రోశమ్మ మొదలగు స్త్రీలు, రాత్రిబడులలో అక్షరములు నేర్చుకొన్న చేతులతోనే, తమ యూరిలో సారా అమ్మకమును ఆపిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించగా 1993లో ప్రభుత్వము సారాను నిషేధించవలసి వచ్చినది. ఈ స్త్రీలు పుట్టిన దినమున వారి యిండ్ల మంత్రసానికి ముట్టినది సోలెడు గింజలో, కుంచెడు వడ్లో యెవరును వ్రాసియుంచలేదు.

అయినను ఆడబిడ్డ యేదో గొప్పపని చేయును గావున బ్రతుకనియ్యవలెననుట సరియైన మాట కాదు. మగబిడ్డ పుట్టినపుడు వాడేమి చేయునని యెవరును అడుగరు. పుట్టిన బిడ్డ పుట్టినందులకే బ్రతుకదగినది.

తవుటికి కొన్న ఆ బిడ్డ బ్రతికినది. ఆమె తండ్రి మిగిలిన చేను అమ్మలేదు. పిల్లలను బడికి పంపెను. నాలుగవ పిల్ల నర్సుపని నేర్చి, ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఉద్యోగమునకు కుదిరెను. వృద్ధురాలైన మంత్రసాని ఒకనాడు అచ్చటికి పోయి, కాన్పుగదిని, వేడినీటిలో మరిగించిన కత్తెరలను, తెల్లని గుడ్డలను చూచి, "నాకు ఇవన్నీ ఉండి ఉంటే ఎందరు బతికేవారో" అని మాత్రము అనెనట.

కాన్పు కాగానే గుమ్మమువద్ద నిలిచిన బంధువులు నర్సును అడుగు మొదటి ప్రశ్న ఒక్కటే: "ఏం బిడ్డ?" ఉద్యోగము విడుచువరకు ఆమె ఆ ప్రశ్నకు వెంటనే బదులు చెప్పలేదు. ముందుగా "తల్లీ బిడ్డా క్షేమం" అనెడిది. వారు ఆ మాట విని, తల్లి యెట్లున్నదని అడిగిన పిమ్మటనే మిగిలినది చెప్పెడిది. అడుగనివారిని అడుగువరకు వాకిటనే నిలిపి యుంచెడిది.